నీళ్లు కుప్పగా నిలబడవు

నీళ్లు కుప్పగా నిలబడవు. జొన్నలు నిలబడతాయి. ఈ రెండు ముక్కలు ఒంటబట్టించుకుంటే తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం సగం వచ్చేసినట్టే. నాకు శిక్షణ ఇచ్చిన మహానుభావులు సెక్షన్లు చెప్పారు, డబ్బా మీద ముద్ర ఎక్కడ కొట్టాలో చెప్పారు, పై అధికారి వస్తే కుర్చీ ఎటు తిప్పి వేయాలో కూడా చెప్పారు. ఈ రెండు ముక్కలు మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఒక ఆడపిల్ల దొంగ అనిపించుకుంది. రిటైరై ఇన్నేళ్లయినా తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు ఇద్దరు వచ్చి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. బదిలీలు ఎట్లా ఆపుకోవాలి, ప్రమోషన్ ఎట్లా తెచ్చుకోవాలి అన్నది వాళ్ల ఉద్దేశం కాబోలు. అవి నాకు చేతకాలేదు, కాబట్టి రాయను. జహీరాబాద్‌లో నేను పనిచేసిన రోజుల్లో జరిగిన ఒక్క సంగతి రాస్తాను. అందులో కాస్త లెక్కలు కూడా ఉన్నాయి. భయపడకండి, పదో తరగతిలో మీరు చదివి మరిచిపోయినవే.

అంగడి పద్ధతి

డెబ్బయ్యవ దశకం చివరి ఏళ్లవి. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతూ ఉండేవి, మా ఊరి అంగడి మాత్రం తన దారిన తాను నడిచేది. బస్తాలకు బస్తాలు అమ్మే పెద్ద రైతుల సరుకు కాంటా ఎక్కేది. న్యాల్‌కల్, మొగుడంపల్లి వైపు నుంచి ఒక సంచీ, రెండు సంచులు తెచ్చుకునే వాళ్ల జొన్నలు, పెసలు మాత్రం షేరు డబ్బాతో కొలిచేవాళ్లు. చట్టం తూకమనేది. అంగడి కొలత అనేది. మా ఆఫీసు ఈ రెంటి మధ్య కళ్లు మూసుకుని డబ్బాలకు ముద్ర కొట్టేది.

కొలత ఎట్లా ఉండేదో చెప్పాలి. మొదటి డబ్బాను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని పోతుంది. డబ్బా అంచుదాకా నింపి ఊరుకోరు. పైన గుప్పిళ్లతో పోస్తూ పోతారు, కుప్ప నిలబడి గింజలు పక్కలకు జారేదాకా. అప్పుడే అది నిండు కొలత. అంచుకు సమంగా చేత్తో రాసి కొలిచేవాణ్ణి పిసినారి అనేవాళ్లు. అమ్మేవాళ్లయినా, కొనేవాళ్లయినా ఇదే మాట. ఇవ్వాళ నేను కుప్ప పోసి ఇస్తే రేపు నాకు కుప్ప పోసి ఇస్తారు కదా అన్నది జనం ధర్మం. ధర్మం మంచిదే. దాన్ని నమ్మినవాళ్లు మంచివాళ్లే. ఆ మంచితనం మీదే ఒకాయన దుకాణం పెట్టుకున్నాడు.

ఆయన్ని అందరూ సేటు అనేవాళ్లు. నేనూ అట్లాగే అంటాను. మనిషి మర్యాదస్తుడు. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇప్పిస్తాడు, పిల్లల పేర్లు పెట్టి పలకరిస్తాడు. పంట చేతికొచ్చినప్పుడు రైతుల దగ్గర జొన్నలు కొంటాడు, ఎండాకాలం అవే జొన్నలు వాళ్లకే అమ్ముతాడు. ఆయన దగ్గర రెండు షేరు డబ్బాలు ఉండేవి. ఒకటి పొడుగ్గా, సన్నగా ఉండేది. ఇంకోటి పొట్టిగా, వెడల్పుగా, మూతి పళ్లెంలా ఉండేది. రెంటి మీదా మా ముద్రలున్నాయి.

అద్దం పలక

మాణెమ్మది న్యాల్‌కల్ దగ్గర పల్లె. నల్లరేగడి చేను, కొడుకు ఈరన్న, చిరాగ్‌పల్లి నుంచి తెచ్చుకున్న కోడలు శాంత. ఇంట్లో జొన్నలు కొలిచి సంచీ కుట్టే పని శాంతది. ఇంటి డబ్బా మాణెమ్మ అత్తగారి కాలం నాటిది, పొడుగు డబ్బా. శాంత దాంతో కుప్ప పోసి యాభై ఆరు షేర్లు కొలిచి సంచీ కుట్టేది. అదే సంచీ సేటు దుకాణంలో విప్పి కొలిస్తే యాభై వచ్చేవి.

ఒకసారి కాదు, తెచ్చిన ప్రతిసారీ ఇంతే. మొదట్లో దారిలో ఒలికాయేమో అనుకున్నారు. తర్వాత ఎలుకలన్నారు. ఎలుకలు కుట్టిన సంచీలోంచి లెక్కపెట్టి ఆరు షేర్లు తినవు కదా. శాంత పుట్టింటివాళ్లు పేదవాళ్లు. ఆమె తమ్ముడు అప్పుడప్పుడు అక్కను చూడటానికి వచ్చిపోతుండేవాడు. ఇంకేం కావాలి?

ఒక అంగడి రోజు సేటు దుకాణం ముందే మాణెమ్మ గొంతు లేచింది. ఆ పూట నేను మా పెద్దసారుతో ఆ వీధిలోనే ఉన్నాను. పెద్దసారంటే మా ఆఫీసు అధికారి. పేరెందుకు, ఆ పిలుపు చాలు.

"ఏమే, ఇంట్ల యాభై ఆరు కొలిచిన అంటివి. ఈడ యాభయ్యే అయినయ్. ఆరు షేర్లకు రెక్కలొచ్చినయా? మీ అమ్మగారింటికి ఎగిరి పోయినయా?"

"నేను సక్కగనే కొలిచిన అత్తమ్మా. ఒక్క గింజ తియ్యలే. జర సేటు డబ్బా చూడున్రి."

సేటు నవ్వాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. "నా డబ్బా మీద సర్కారు ముద్ర ఉంది బిడ్డా. నీ చేతుల మీద ఉందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దసారు కూడా నవ్వారు. నవ్వి, "అనుమానమెందుకు, ఇప్పుడే తేల్చేద్దాం" అని మాణెమ్మ ఇంటి డబ్బానూ, సేటు వెడల్పు డబ్బానూ ఆఫీసుకు తెప్పించారు. వెనకాల సగం అంగడి వచ్చింది.

మా పరీక్ష ఎట్లా ఉంటుందో తెలియని వాళ్లకు చెబుతాను. డబ్బా నిండా నీళ్లు పోస్తాం. అంచు మీద అద్దం పలక ఒకటి పక్కనుంచి జరుపుతూ మూస్తాం. అంచుకు మించి ఉన్న నీళ్లు అద్దం తోసేస్తుంది. కింద గాలి బుడగ లేకుండా చూసుకుని, ఆ నీళ్లను ఆఫీసు ప్రామాణిక కొలతలో పోసి చూస్తాం. పాలకు, కిరసనాయిలుకు, నూనెకు ఇంతకంటే న్యాయమైన పరీక్ష లేదు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

రెండు డబ్బాలూ ఒకటే వచ్చాయి. చెంచాడు తేడా లేదు. ఈరన్నకు ఇంకా నమ్మకం చాలక, తడి తుడిచి, ఒక డబ్బా నిండా జొన్నలు పోసి, అంచుకు సమంగా చేత్తో రాసి, రెండో దాంట్లో పోశాడు. అంచుకు సరిగ్గా సరిపోయాయి. పాపం, భార్యను కాపాడుకోవాలనే చేశాడు. ఆ చెయ్యి అద్దం చేసిన పనే మళ్లీ చేసింది.

"డబ్బా దొంగ కాదు" అన్నారు పెద్దసారు, చేతులు తుడుచుకుంటూ. "ఇక ఎవరో మీరే చూసుకోండి."

ఎంత సరదాగా అన్నారో! జనం కళ్లన్నీ శాంత మీదికి తిరిగాయి. ఆమె ఏడవలేదు. "నేను తియ్యలే" అని ఇంకోసారి అంది, అంతే. ఆ సాయంత్రం ఆమెను చిరాగ్‌పల్లిలో దింపి వచ్చారు. ఒక మనిషి బతుకు మీద తీర్పు చెప్పడానికి మా అద్దం పలకకు ఎవరు అధికారమిచ్చారని ఆ రోజు అడిగినవాళ్లు లేరు.

గచ్చు మీద సుద్దముక్క

డబ్బాలు తిరిగి ఇచ్చే పని నా మీద పడింది. సేటు వెడల్పు డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లేసరికి బేరాలు జోరు మీదున్నాయి. డబ్బా చేతికి రాగానే కొలిచే మనిషి ఒక రైతు జొన్నలు మొదలుపెట్టాడు. అంచు దాకా నిండాయి. పైన ఒక గుప్పెడు, ఇంకో గుప్పెడు, ఇంకోటి. ఎన్ని పోసినా పడుతున్నాయి. గింజ జారదే! అంతలో కూలి మనిషి ఒకామె జొన్నలు కొనడానికి వచ్చింది. ఆమెకు పొడుగు డబ్బా తీశాడు. అంచు నిండింది, ఒక చిన్న గుప్పెడు పోశాడు, గింజలు జారాయి. "నిండింది, చూస్కో" అన్నాడు. ఆమె తృప్తిగా తల ఊపింది.

నేను అక్కడే నిలబడిపోయాను. కొనేటప్పుడు ఆ డబ్బా, అమ్మేటప్పుడు ఈ డబ్బా.

ఆఫీసుకు వచ్చి గచ్చు మీద కూర్చుని సుద్దముక్క పట్టుకున్నాను. మా లెక్కల సారు స్థూపం, శంఖువు అని బెత్తం పట్టుకుని చెప్పినప్పుడు, ఇవి బతుకులో ఎక్కడొస్తాయిలే అనుకున్నాను. డబ్బా స్థూపం. పైన నిలిచే జొన్నల కుప్ప శంఖువు. స్థూపానికీ శంఖువుకూ అడుగు ఒకటే, ఎత్తు ఒకటే అయితే, శంఖువులో పట్టేది స్థూపంలో పట్టేదాంట్లో మూడో వంతు. అందరికీ వచ్చిందే.

ఇక జొన్నల గుణం. ఏ డబ్బాలో పోసినా వాటి వాలు ఒకటే, అంతకు మించి ఎత్తు పోస్తే జారిపోతాయి. మా జొన్నలు మూతి వెడల్పులో నాలుగో వంతు ఎత్తు నిలబడేవి. అంటే మూతి వెడల్పయ్యేకొద్దీ కుప్ప ఇంకా ఎత్తు పోతుంది. వెడల్పూ పెరిగి, ఎత్తూ పెరుగుతుంది. మోసానికి ఇంతకంటే ఏం కావాలి?

సేటు వెడల్పు డబ్బా ఎత్తు, దాని మూతి వెడల్పులో సగం. కుప్ప ఎత్తు డబ్బా ఎత్తులో సగం అవుతుంది. సగంలో మూడో వంతు ఆరో వంతు. షేరు మీద షేరులో ఆరో వంతు అదనం. పొడుగు డబ్బా ఎత్తు దాని మూతికి రెండింతలు. కుప్ప డబ్బా ఎత్తులో ఎనిమిదో వంతే ఉంటుంది. అందులో మూడో వంతు అంటే ఇరవై నాలుగో వంతు. రెండు డబ్బాల్లోనూ నీళ్లు పోస్తే సమానం. జొన్నలు పోస్తే ఒక కుప్ప ఇంకో కుప్పకు నాలుగింతలు.

మిగిలింది చిన్న లెక్క. షేరును ఇరవై నాలుగు భాగాలనుకోండి. ఇంటి డబ్బాలో కుప్పతో ఇరవై అయిదు పడతాయి. సేటు డబ్బాలో ఇరవై ఎనిమిది. యాభై ఆరు ఇరవై అయిదులు, యాభై ఇరవై ఎనిమిదులు ఎంతో మీరే గుణించుకోండి. రెండూ ఒకటే. ఒక్క గింజ ఎవరూ తియ్యలేదు. శాంత ఎంత కొలిచిందో అంతా సేటు గాదెలోకి పోయింది, కుప్పలు కుప్పలుగా, అందరి కళ్ల ముందూ.

పెద్దసారు జవాబు

సుద్దగీతలు చూపించడానికి పెద్దసారును గచ్చు దగ్గరికి పిలిచాను. చూశారు. అర్థం కాలేదని నేను అనను, ఆయన బాగా చదువుకున్న మనిషే. అర్థమయ్యాక చేసింది చూడండి.

"ఏమయ్యా, నీకు జీతం డబ్బాలో ఉన్నదానికి ఇస్తున్నారా, డబ్బా మీద ఉన్నదానికా?"

"కొలత మొత్తానికి సార్" అన్నాను.

"డబ్బా సరిగా ఉంది. పరీక్ష సరిగా ఉంది. మన పని అయిపోయింది."

"ఆ పిల్లను దొంగన్నారు సార్, మన ఆఫీసులో నిలబెట్టి."

"నేనన్నానా? వాళ్ల ఇంటి గొడవ అది."

ఇది రెండోసారి ఆయన నన్ను ఇట్లా తోసెయ్యడం. అంతకు ముందు వేసవిలో ఒక కుల్ఫీ అమ్మేవాడి అచ్చులు పట్టుకొచ్చాను. కుల్ఫీ అచ్చు శంఖువే కదా. కొస కింద ఉంటుంది, వెడల్పు పైన. ఎత్తులో పదో వంతు వదిలేసి మూత పెడితే చూసేవాళ్లకు వేలి మందం కూడా తక్కువ కాదు, కానీ సరుకులో నాలుగో వంతుకు పైగా ఎగిరిపోతుంది. "పిల్లల తిండి మీద కేసా?" అని ఆఫీసంతా నవ్వారు. నవ్వితే నవ్వారు, కుల్ఫీ తినకపోతే ఎవరూ చావరు. ఇది అట్లాంటిది కాదని చెప్పినా ఆయనకు అదే నవ్వు.

నా పోరు పడలేక చివరికి సేటును పిలిపించారు. సేటు కొంచెం కూడా తడబడలేదు.

"వెడల్పు డబ్బా ఎందుకు చేయించిన అంటున్నరా సార్? రేకు తక్కువ పడతది. కావాలంటె రేకు డబ్బాలు చేసేటోన్ని అడుగున్రి."

అడిగాం. బస్టాండు వెనక రేకుల పని చేసే యూసుఫ్ భాయి నిజాయితీగా చెప్పాడు. "హా సాబ్, పొడుగుదానికంటె దీనికి రేకు జర తక్కువనే పడతది. ఝూట్ ఎందుకు చెప్తా?"

లెక్క వేస్తే అదీ నిజమే. మూత లేని డబ్బాకు ఎత్తు మూతి వెడల్పులో సగమైతే, అంతే సరుకు పట్టే డబ్బాలన్నింటిలో రేకు తక్కువ పట్టేది అదే. ఉపరితల వైశాల్యంలో పొడుగు డబ్బా మీద ఆరో వంతు దాకా ఆదా. పెద్దసారు మొహం వెలిగిపోయింది. "చూశావా? ఆయన పొదుపు చేస్తే నువ్వు దొంగతనం అంటున్నావు."

రేకు ఆదా డబ్బా చేయించిన రోజు ఒక్కసారే! జొన్నల ఆదా కొలిచిన ప్రతిసారీ! అంత పొదుపు తెలిసిన మనిషి అమ్మకానికి ఆ రేకు దండగ డబ్బా ఎందుకు వాడుతున్నాడని అడిగాను. సేటు పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు గడియారం వైపు చూశారు.

కొత్తగా చేరే పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మీతో అబద్ధం చెప్పేవాణ్ణి పట్టుకోవడం తేలిక. ఒక నిజం ముందు పెట్టి దాని వెనక నిలబడేవాణ్ణి పట్టుకోవడమే కష్టం. ఆ నిజాన్ని చూసి మురిసిపోయే అధికారి పక్కనుంటే ఇంకా కష్టం.

ఆఫీసులో పని జరగదని తేలాక ఇంకో దారి చూశాను. అంగట్లో నలుగురినీ పోగుచేసి, కుప్ప మానేసి అంచుకు సమంగా రాసి కొలవండి, గొడవే ఉండదు అని చెప్పాను. వినేవాళ్లెవరు? సేటు కాదు, రైతులే నా మీద పడ్డారు. ఒక ముసలామె అయితే, "కుప్ప లేని కొలత పీనుగు మీద చల్లే గింజలకు సారు, బతికినోళ్లకు కాదు" అంది. మంచితనం దోచుకునేవాడికి కాపలా కూడా ఆ మంచితనమే కాస్తుందని ఆ రోజు తెలిసింది.

చిరాగ్‌పల్లిలో

ఆదివారం బస్సెక్కి చిరాగ్‌పల్లి పోయాను. శాంత ఇల్లు రోడ్డుకు కొంచెం లోపల. వాళ్లమ్మ నన్ను చూసి భయపడింది, ఇంకే నింద మోసుకొచ్చానోనని. శాంత చేటలో పెసలు చెరుగుతూ ఉంది. లేచి నిలబడింది, కూర్చోమనలేదు. నాకు తప్పు అనిపించలేదు.

రెండు గిన్నెలు తెమ్మన్నాను. ఒక లోతు గిన్నె, ఒక వెడల్పు గిన్నె. పెసలు పోసి కుప్ప పెట్టి చూపించాను. చివరిదాకా చూసింది. ముఖంలో సంతోషం ఏమీ కనపడలేదు.

"గిది నాకెందుకు చూపెడుతున్నరు సారు? నేను తియ్యలేదని నాకు ఎరికే గదా."

"మీ అత్తకు చెబుతానమ్మా, నిన్ను తీసుకుపొమ్మని చెబుతాను" అన్నాను.

"ఇంట్ల చెప్తె ఇంట్లనే ఉంటది. నన్ను అంగట్ల అన్నరు. పదిమంది నవ్విన్రు. మీ పెద్దసారు గూడ నవ్విండు. నేను చెప్తె ఎవలు నమ్మలే, డబ్బాను నమ్మిన్రు. అదే అంగట్ల, అదే డబ్బాతోని, నేనే కొలుస్త. గట్లయితెనే వస్త."

"పోలీసు కేసేం కాదమ్మా, సేటుకు శిక్షేం పడదు" అని ముందే చెప్పేశాను. ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు.

"సేటు సంగతి మీరు చూస్కోన్రి. నా సంగతి నేను చూస్కుంట."

లాభం, రెండు, మూడు

నేను కబురు పెట్టడంతో మరుసటి అంగడి రోజు మాణెమ్మ, ఈరన్న ఇంటి డబ్బాతో పాటు సంచీ తెచ్చారు. అది ఈరన్నే ఇంట్లో కొలిచిన సంచీ. కోడలు లేదు కాబట్టి ఈసారి లెక్క తప్పదని మాణెమ్మ ధీమా. యాభై ఆరు. సేటు దుకాణం ముందు దుప్పటి పరిపించాను. పెద్దసారుకు చెప్పలేదు. చెబితే ఆపేవారు.

శాంత తమ్ముడితో వచ్చింది. అత్తను చూసింది, పలకరించలేదు. ఈరన్న తల దించుకున్నాడు. ఆమె దుప్పటి ముందు కూర్చుని, సంచీ విప్పి జొన్నలు ఒక వైపున గుమ్మరించి, సేటు వెడల్పు డబ్బా అడిగింది. నేను చూస్తూ ఉన్నాను కాబట్టి సేటు ఇవ్వక తప్పలేదు.

"లాభం" అంది శాంత. కుప్ప పోసి, గింజలు జారేదాకా పోసి, దుప్పటి రెండో వైపున వేసింది. "రెండు. మూడు." గొంతు నిదానంగా ఉంది. సేటు మనిషి ఎట్లా పోస్తాడో అట్లాగే పోసింది, ఎక్కువ లేదు, తక్కువ లేదు. గుమ్మరించినవి అయిపోయేసరికి యాభై.

"ఈరన్న గూడ దొంగేనా ఏందే మాణెమ్మా?" అని ఎవరో అన్నారు. మాణెమ్మ ఖాళీ సంచీ ఎత్తి చూసింది. కొడుకు తన కళ్ల ముందే కొలిచాడు, తనే కుట్టింది.

శాంత ఇంటి డబ్బా తీసుకుంది. అవే జొన్నలు. మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టింది, ఈసారి దుప్పటి మీద నుంచి ఖాళీ సంచీలోకి. ఇప్పుడు అంగడి బేరాలు ఆపేసి చూస్తోంది. "నలభై తొమ్మిది. యాభై." అక్కడ ఆగింది. డబ్బా కింద పెట్టింది.

దుప్పటి మీద ఇంకా జొన్నలున్నాయి.

కుప్ప లేని కొలత పీనుగులకు అన్న ముసలామె ముందుకొచ్చి, వంగి సేటు డబ్బా మూతి మీద జాన పెట్టి చూసింది, తర్వాత ఇంటి డబ్బా మీద పెట్టి చూసింది. "అమ్మేటప్పుడు మాకు గిసొంటిది, కొనేటప్పుడు మా దగ్గర గది. ఎన్నేండ్లు తిన్నవురా నాయనా" అంది సేటుతో.

సేటు, "ముద్ర ఉందమ్మా, నా తప్పేముంది?" అన్నాడు.

శాంత మిగిలిన జొన్నలు ఇంటి డబ్బాతో కొలిచింది. ఆరు షేర్లు. కొంగు పరిచి అందులో పోసుకుంది. లేచి అత్త ముందుకు పోయి నిలబడింది.

"ఒడి పట్టు అత్తమ్మా."

మాణెమ్మ అర్థం కాక కొంగు పట్టింది. శాంత అందులోకి జొన్నలు వొంపింది.

"ఇగో, నేను మా అమ్మగారింటికి తీస్కపోయిన జొన్నలు."

సేటు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆయనకు ఏమీ కాలేదు. నెల రోజులు వెడల్పు డబ్బా కనపడలేదు, తర్వాత మళ్లీ బయటికొచ్చింది. ముద్ర గడువు తీరితే ఆఫీసుకు తెచ్చాడు. నీళ్లు పోశాం, అద్దం జరిపాం, సరిగా ఉంది. నా చేత్తోనే ముద్ర కొట్టాను, కొట్టనని చెప్పడానికి చట్టంలో నాకు ఒక్క ముక్క లేదు. పెద్దసారు మాత్రం ఆఫీసు పరువు అంగట్లో తీశానని నన్ను గట్టిగా మందలించారు. ఆ పరువు దుప్పటి మీద జొన్నల్లో ఎక్కడ కనపడిందో నాకైతే తెలియదు. మారింది ఆడవాళ్లే. కుప్ప మానలేదు, కానీ న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చేవాళ్లు అమ్మడానికి వస్తే ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

ఆ రోజు బస్టాండులో చూసింది చెప్పి ముగిస్తాను. శాంత, తమ్ముడు చిరాగ్‌పల్లి మీదుగా పోయే బస్సెక్కారు. అది తన ఊరి బస్సు కాకపోయినా వెనకే మాణెమ్మ ఎక్కింది, ఒడి నిండా ఆ జొన్నలతోనే. సంచీలో పోయమని ఈరన్న అంటూనే ఉన్నాడు, ఆమెకు వినపడలేదు. సీటు లేదు. రెండు చేతులతో కొంగు పట్టుకుంది కాబట్టి కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి లేదు. బస్టాండులోంచి బయటపడటానికి బస్సు వెనక్కి కదలగానే తూలింది. శాంత కాసేపు కిటికీలోంచి బయటికే చూసింది. తర్వాత లేచింది. అత్త చెయ్యి పట్టుకోలేదు. ఒడి కింద తన రెండు చేతులూ పెట్టి, జొన్నలు ఒలకకుండా పట్టుకుని నిలబడింది.

ఈ కథ విన్నవాళ్లంతా ఎంత మంచి పిల్లో అంటారు. మంచి పిల్లే. నాకు మాత్రం ఆమెను మెచ్చుకోవాలని ఇవాళ్టికీ అనిపించదు. దొంగ కాదని చూపించడానికి ఒక ఆడపిల్ల నడి అంగట్లో కూర్చుని, జొన్నలు రెండుసార్లు ఎందుకు కొలవాల్సి వచ్చిందని మా ఆఫీసును అడగాలనిపిస్తుంది.